పాఠశాలల్లో నమూనా శాసనసభలు: బేగంబజార్ వీధి నుండి సభాపతి పీఠం దాకా

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: తొమ్మిదవ, పదవ తరగతుల విద్యార్థులు మరో మూడు నాలుగేళ్ళలో ఓటర్లు కానున్నారు. పార్లమెంటు, శాసనసభ, ఎన్నికల ప్రక్రియ, రాజ్యాంగ నిర్మాణం వంటి అంశాలను వారు సాంఘికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో చదువుకుంటున్నారు. అయితే ప్రశ్న వేయడం, జవాబు రాబట్టడం, ఎదుటి పక్షం వాదన వినడం, ఓటింగులో ఓడినప్పుడు సభా నిర్ణయాన్ని గౌరవించడం అనేవి కేవలం పుస్తక పఠనంతో అలవడేవి కావు. ఈ లోటును పూరించేందుకు ఉద్దేశించినవే యువజన పార్లమెంటులు, నమూనా శాసనసభలు, నమూనా ఐక్యరాజ్యసమితి సదస్సులు. వీటి నేపథ్యాన్ని, నిర్వహణా విధానాన్ని, హైదరాబాద్ నగరంలోని బేగంబజార్ వంటి వ్యాపార ప్రాంతపు విద్యార్థులకు ఇవి ఏ విధంగా ఉపకరించగలవో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆరు దశాబ్దాల నేపథ్యం

విద్యార్థులచే పార్లమెంటు సమావేశాన్ని నమూనాగా నిర్వహింపజేయాలన్న ఆలోచన మన దేశానికి కొత్తది కాదు. 1962లో బొంబాయిలో జరిగిన నాల్గవ అఖిల భారత విప్‌ల మహాసభ ఈ మేరకు సిఫారసు చేసింది. తదనుసారం కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 1966-67 విద్యా సంవత్సరంలో ఢిల్లీ పాఠశాలల్లో యువజన పార్లమెంటు పోటీలను ప్రారంభించింది. 1988లో కేంద్రీయ విద్యాలయాలకు, 1997-98లో జవహర్ నవోదయ విద్యాలయాలకు, విశ్వవిద్యాలయాలు, కళాశాలలకు ఈ పథకం విస్తరించింది.

ఈ పోటీలలో పాల్గొనే అవకాశం చాలాకాలం పాటు ఎంపిక చేసిన విద్యాసంస్థలకే పరిమితమైంది. 2019 నవంబరు 26న జాతీయ యువజన పార్లమెంటు పథకం వెబ్ పోర్టల్ ప్రారంభం కావడంతో గుర్తింపు పొందిన ఇతర విద్యాసంస్థలకు కూడా ద్వారాలు తెరుచుకున్నాయి. తొమ్మిది నుండి పన్నెండవ తరగతి వరకు గల విద్యార్థులు నిర్వహించే సమావేశానికి 'కిశోర సభ' అని, డిగ్రీ, ఆపై స్థాయి విద్యార్థులు నిర్వహించే దానికి 'తరుణ సభ' అని పేర్లు పెట్టారు.

తెలుగునాట ఇటీవలి కాలంలో విశేషంగా చెప్పుకోదగిన సమావేశం 2025 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం సందర్భంగా అమరావతిలో జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లోని 175 శాసనసభ నియోజకవర్గాలకు ప్రాతినిధ్యం వహిస్తూ ఎంపికైన విద్యార్థులు స్పీకర్‌గా, ముఖ్యమంత్రిగా, ప్రతిపక్ష నాయకులుగా, సభ్యులుగా వ్యవహరించి సభను నడిపారు. ముఖ్యమంత్రి శ్రీ ఎన్.చంద్రబాబు నాయుడు, విద్యాశాఖ మంత్రి శ్రీ నారా లోకేశ్ దీనిని తిలకించారు. నిజమైన శాసనసభలో ఎన్ని నియోజకవర్గాలకు ప్రాతినిధ్యం ఉంటుందో ఈ నమూనా సభలోనూ అన్నింటికీ ఉండడం దీని ప్రత్యేకత.

ఇతర దేశాల్లోనూ ఇటువంటి ప్రయత్నాలు ఉన్నాయి. అమెరికా విశ్వవిద్యాలయాలలో 1920 దశకంలోనే నానాజాతి సమితి సమావేశాలను విద్యార్థులు అనుకరించేవారు. నేటి నమూనా ఐక్యరాజ్యసమితి సదస్సులకు మూలం అదే. బ్రిటన్ యువజన పార్లమెంటు సభ్యులు 2009 అక్టోబరులో మొట్టమొదటిసారిగా అక్కడి కామన్స్ సభా మందిరంలోనే సమావేశమయ్యారు. బాలలకు సంబంధించిన అన్ని విషయాలలో వారి అభిప్రాయాన్ని వినాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం పేర్కొంటున్నది. భారతదేశం 1992లో ఈ ఒడంబడికను ఆమోదించింది.

బేగంబజార్ ఎందుకు?

మూసీ నదికి ఉత్తరాన, అఫ్జల్‌గంజ్, ఉస్మాన్‌గంజ్, సిద్ధిఅంబర్ బజార్‌ల మధ్య నెలకొన్న బేగంబజార్ నగరంలోని అతి పురాతన టోకు వ్యాపార కేంద్రాలలో ఒకటి. రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో ఈ బజారు వెలసిందని, ఆ కారణంగానే దీనికి ఈ పేరు వచ్చిందని ప్రతీతి. కిరాణా, ఎండుఫలాలు, వంటపాత్రలు, గృహోపకరణాల టోకు అంగళ్ళతో ఇరుకు వీధులు నిత్యం కిటకిటలాడుతుంటాయి. తెలుగు, హిందీ, ఉర్దూ, మార్వాడీ, మరాఠీ మాటలు ఒకే వీధిలో వినిపిస్తాయి. టోకు వర్తకుల పిల్లలు, అంగళ్ళలో గుమాస్తాల పిల్లలు, హమాలీల పిల్లలు, ట్రాలీ ఆటో డ్రైవర్ల పిల్లలు ఈ పరిసరాలలోనే పెరుగుతున్నారు.

ప్రజాస్వామ్య సంస్థలతోనూ ఈ ప్రాంతానికి దగ్గరి సంబంధం ఉన్నది. 1957 ఎన్నికల నాటికి బేగంబజార్ పేరుతోనే ఒక శాసనసభ నియోజకవర్గం ఉండేది. నియోజకవర్గాల పునర్విభజన అనంతరం 2009 ఎన్నికల నుండి ఈ ప్రాంతం గోషామహల్ నియోజకవర్గంలో భాగమైంది. కొద్ది కిలోమీటర్ల దూరంలోనే పబ్లిక్ గార్డెన్స్‌లో శాసనసభ ప్రాంగణం ఉన్నది. 1913లో పూర్తయిన అక్కడి టౌన్‌హాల్ భవనం తదుపరి శాసనసభా భవనమైంది. 1952లో ఎన్నికైన 175 స్థానాల హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు శ్రీ కాశీనాథరావు వైద్య స్పీకర్‌గా వ్యవహరించారు. 1891లో అసఫియా గ్రంథాలయంగా ప్రారంభమైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అఫ్జల్‌గంజ్‌లో, అనగా నడిచి వెళ్ళగల దూరంలో ఉన్నది.

అయితే చరిత్ర ఎంత ఘనమైనదైనా వర్తమాన పరిస్థితి ఆలోచింపజేసేదిగానే ఉన్నది. గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఎన్నికలలో 2009లో సుమారు 42 శాతం, 2016లో సుమారు 45 శాతం, 2020లో 46.55 శాతం పోలింగ్ నమోదైంది. అంటే మూడు పర్యాయాలూ సగానికి పైగా నగర ఓటర్లు పోలింగ్ కేంద్రానికి రాలేదు. వీధి దీపం, చెత్త సేకరణ, రోడ్డు మరమ్మతు వంటి నిత్యావసర సేవలను చూసే సంస్థ ఎన్నికలలోనే ఈ స్థితి నెలకొనడం గమనార్హం. నమూనా సభలతోనే ఈ శాతం పెరుగుతుందని చెప్పజాలము. కాని తన వీధి సమస్యకు, తన ఓటుకు గల సంబంధాన్ని ఓటు హక్కు రాకముందే విద్యార్థి గుర్తించడానికి ఇంతకంటే ప్రత్యక్షమైన బోధనా పద్ధతి అరుదు.

ఏ ప్రశ్న ఎవరికి వేయాలి?

నమూనా సభ నిర్వహణలో మొట్టమొదటిది, అతి ముఖ్యమైనది అంశాల ఎంపిక. ప్రపంచ శాంతి, దేశ ప్రగతి వంటి విశాలమైన అంశాలపై సిద్ధం చేసి ఇచ్చిన ఉపన్యాసాలను కంఠస్థం చేయించడం వల్ల సభ వక్తృత్వ పోటీగా మారిపోతుంది. విద్యార్థులు తమ కళ్ళెదుట ఉన్న సమస్యను ఎంచుకున్నప్పుడే 'దీనికి బాధ్యులు ఎవరు' అన్న ప్రశ్న తలెత్తుతుంది. పౌరశాస్త్ర బోధనకు అదే ఆరంభం.

బేగంబజార్‌లో కొన్ని సమస్యలను ఉదాహరణగా తీసుకోవచ్చు. రోడ్డుపై గుంత, పేరుకుపోయిన చెత్త నగరపాలక సంస్థ పరిధిలోకి వస్తాయి. పొంగుతున్న మురుగునీరు, కలుషిత తాగునీరు హైదరాబాద్ జలమండలి బాధ్యత. సరుకు లారీల రాకపోకల వేళలు ట్రాఫిక్ పోలీసు విభాగానికి సంబంధించినవి. గోదాములలో అగ్నిప్రమాద నివారణ ఏర్పాట్లను రాష్ట్ర అగ్నిమాపక శాఖ పరిశీలిస్తుంది. తూకంలో మోసంపై తూనికలు, కొలతల శాఖ చర్య తీసుకుంటుంది. వస్తువులపై పన్ను రేటును సిఫారసు చేసేది కేంద్ర, రాష్ట్ర ఆర్థిక మంత్రులతో కూడిన జీఎస్టీ మండలి. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాల వంటి వస్తువుల తయారీ, విక్రయాలను 2022 జూలై 1 నుండి నిషేధించినది కేంద్ర ప్రభుత్వ నిబంధనలు. అంగళ్ళలో 14 ఏళ్ళ లోపు బాలలను పనిలో పెట్టుకోవడాన్ని 1986 నాటి బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ నిషేధిస్తున్నది. బడి వేళలు ముగిసిన తరువాత కుటుంబానికి తోడ్పడడానికి మాత్రం కొన్ని షరతులతో మినహాయింపు ఉన్నది.

ఒకే వీధిలోని ఈ సమస్యలకు ఇంతమంది అధికారులు, ఇన్ని సభలు బాధ్యత వహిస్తున్నాయని తెలిసినప్పుడు కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి జాబితాల పాఠం విద్యార్థికి సులభంగా బోధపడుతుంది. ప్రధానంగా కేంద్ర ప్రభుత్వానికి సంబంధించని విషయాలపై ప్రశ్నలను లోక్‌సభ నియమాలు అనుమతించవు. కనుక బేగంబజార్ రోడ్డు గుంతపై నమూనా లోక్‌సభలో వేసిన ప్రశ్నను విద్యార్థి స్పీకర్ తిరస్కరించవలసి ఉంటుంది. ఆ తిరస్కరణ కూడా ఒక పాఠమే. అదే ప్రశ్నను నగరపాలక సంస్థ నమూనా సర్వసభ్య సమావేశంలో వేస్తే జవాబు చెప్పక తప్పదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించిన సంగతిని ఈ సందర్భంలోనే వివరించవచ్చు.

సభ నడిచే తీరు

యువజన పార్లమెంటు సమావేశంలో సాధారణంగా సుమారు 50 మంది విద్యార్థులు పాల్గొంటారు. సమావేశం దాదాపు గంటసేపు సాగుతుంది. కొత్త సభ్యుల ప్రమాణ స్వీకారం, సంతాప తీర్మానం, ప్రశ్నోత్తరాలు, సభకు పత్రాల సమర్పణ, సావధాన తీర్మానం, బిల్లుపై చర్చ వంటి అంశాలను కార్యక్రమ పట్టికలో చేరుస్తారు. క్రమశిక్షణ, సభా నియమాల పాటింపు, ప్రశ్నలు, అనుబంధ ప్రశ్నల ఎంపిక, జవాబుల నాణ్యత, చర్చనీయాంశం, చర్చ స్థాయి అన్నవి న్యాయనిర్ణేతలు పరిగణనలోకి తీసుకునే ప్రధానాంశాలు.

వీటిలో ప్రశ్నోత్తరాల సమయానికి అధిక ప్రాధాన్యం ఇవ్వడం ఉచితం. లోక్‌సభలో నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు మంత్రి మౌఖికంగా జవాబిస్తారు. దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నకు లిఖితపూర్వక సమాధానం ఇస్తారు. రోజుకు 20 నక్షత్ర గుర్తు గల ప్రశ్నలు, 230 గుర్తు లేని ప్రశ్నలు జాబితాలో చోటు చేసుకుంటాయి. నమూనా సభలో ప్రధాన ప్రశ్న, జవాబు ముందుగా సిద్ధం చేసుకున్నవే అయినా, అనుబంధ ప్రశ్నలను మంత్రి పాత్రధారికి ముందుగా తెలియజేయకుండా ఉంచినట్లయితే విద్యార్థి విషయ పరిజ్ఞానం వెల్లడవుతుంది. జవాబు తెలియని పక్షంలో 'సమాచారం సేకరించి సభ ముందుంచుతాను' అని చెప్పడం కూడా సభా సంప్రదాయమే. ఊహించి తప్పు సమాచారం ఇవ్వడం కంటే అది మేలైనదని విద్యార్థులకు తెలియాలి.

కోరం, ఓటింగు నియమాలను కూడా ఆచరణ ద్వారా బోధించవచ్చు. రాజ్యాంగం 189వ అధికరణం ప్రకారం శాసనసభకు కోరం పది మంది సభ్యులు లేదా మొత్తం సభ్యులలో పదవ వంతు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది. 119 స్థానాలు గల తెలంగాణ శాసనసభకు ఈ లెక్కన 12 మంది అవసరం. స్పీకర్ తొలి దశలో ఓటు వేయరు. ఇరుపక్షాలకు సమానంగా ఓట్లు వచ్చినప్పుడు మాత్రమే నిర్ణాయక ఓటు వినియోగిస్తారు. మూజువాణి ఓటుతో సంతృప్తి చెందని సభ్యులు డివిజన్ కోరవచ్చు. ఈ నియమాలను కాగితంపై రాసి బట్టీ పట్టించిన దానికంటే, ఒక్కసారి సమాన ఓట్లు వచ్చి స్పీకర్ పాత్రధారి ఇబ్బందిలో పడినప్పుడు విద్యార్థులకు శాశ్వతంగా గుర్తుండిపోతాయి.

ఒక నమూనా చర్చ

చర్చకు అనువైన ఒక అంశాన్ని ఇక్కడ ఉదహరించవచ్చు. 'పాఠశాలలు ప్రారంభమయ్యే, ముగిసే వేళల్లో వ్యాపార వీధులలో సరుకు దింపుడు, ఎక్కింపులను నిలిపివేయాలి' అన్న తీర్మానాన్ని అధికార పక్షం ప్రతిపాదించిందని అనుకుందాం. పిల్లల భద్రత దృష్ట్యా ఇది వెంటనే ఆమోదించదగినదిగా కనిపిస్తుంది. కాని ప్రతిపక్షంలోని విద్యార్థి ఒకరు లేచి, ఉదయం రెండు గంటలు పని ఆగితే ఆ రోజు హమాలీ కూలి ఎంత తగ్గుతుందని అడగవచ్చు. మరొకరు, రాత్రివేళ సరుకు దింపితే వీధిలో నివసించే వృద్ధులకు నిద్ర ఉండదని చెప్పవచ్చు. వేరొకరు, లారీలను వేరే వీధికి మళ్ళిస్తే అక్కడి బడి పిల్లల సంగతేమిటని ప్రశ్నించవచ్చు. వర్తకుని పక్షాన మాట్లాడే సభ్యుడు, నిర్ణీత సమయానికి సరుకు అందని చిల్లర వ్యాపారి వేరే మార్కెట్‌కు వెళ్ళిపోతాడని వాదించవచ్చు.

ఈ చర్చలో తప్పు పక్షం అంటూ ఏదీ లేదు. అందరి ప్రయోజనాలూ న్యాయమైనవే. వాటి మధ్య ఒక అంగీకారాన్ని సాధించడమే శాసన నిర్మాణం. సవరణలు ప్రతిపాదించి, వేళలను కుదించి, నష్టపోయే వారికి ప్రత్యామ్నాయం చూపి తీర్మానాన్ని ఆమోదించుకోవలసి ఉంటుంది. హమాలీ బిడ్డ వర్తకుని పక్షాన, వర్తకుని బిడ్డ హమాలీ పక్షాన వాదించేలా పాత్రలు కేటాయించినట్లయితే ఒకే తరగతి గదిలో కూర్చునే పిల్లలు పరస్పర పరిస్థితులను అర్థం చేసుకునే అవకాశం కలుగుతుంది. ఇందుకోసం విద్యార్థులు చర్చకు ముందు తమ వీధిలోని వ్యాపారులను, హమాలీలను, ట్రాఫిక్ సిబ్బందిని కలిసి సమాచారం సేకరించడం, గ్రంథాలయంలో చట్టాలను పరిశీలించడం అవసరం.

భాష అడ్డంకి కారాదు

బేగంబజార్ వంటి బహుభాషా ప్రాంతాలలో ఏ భాషలో సభ నిర్వహించాలన్నది తరచు ఎదురయ్యే ప్రశ్న. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడగలవారినే ముఖ్య పాత్రలకు ఎంపిక చేసే ధోరణి పలుచోట్ల కనిపిస్తుంది. రాజ్యాంగమే ఇందుకు భిన్నమైన మార్గం చూపింది. శాసనసభలో రాష్ట్ర అధికార భాష, హిందీ, ఇంగ్లీషు వాడవచ్చని, ఈ భాషలలో తన భావాన్ని తగిన విధంగా వ్యక్తం చేయలేని సభ్యునికి మాతృభాషలో ప్రసంగించేందుకు స్పీకర్ అనుమతి ఇవ్వవచ్చని 210వ అధికరణం తెలియజేస్తున్నది. తెలంగాణలో ఉర్దూకు 2017లో రాష్ట్రవ్యాప్తంగా రెండవ అధికార భాష ప్రతిపత్తి లభించింది. కావున విద్యార్థి తనకు వచ్చిన భాషలో మాట్లాడడం, మరొక విద్యార్థి దానిని అనువదించడం సభా నియమాలకు అనుగుణమే. బడుగు వర్గాల పిల్లలు, మాట్లాడడానికి జంకే బాలికలు ముందుకు రావడానికి ఈ వెసులుబాటు ఎంతగానో దోహదపడుతుంది.

నియమం ముందు అందరూ సమానమే

నమూనా సభ నేర్పే మరో విలువ నియమాన్ని అందరికీ ఒకే విధంగా వర్తింపజేయడం. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభ సందర్భంగా ఖాదీ ప్రదర్శన ద్వారం వద్ద స్వచ్ఛంద సేవికగా ఉన్న బాలిక దుర్గాబాయి, టికెట్ లేని కారణంగా జవహర్‌లాల్ నెహ్రూను లోనికి అనుమతించలేదు. టికెట్ కొన్న తరువాతనే ఆయనకు ప్రవేశం లభించింది. ఆ బాలికే తదుపరి కాలంలో రాజ్యాంగ సభ సభ్యురాలై, సభాధ్యక్షుల జాబితాలో స్థానం పొంది, దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా సుప్రసిద్ధురాలయ్యారు. విద్యార్థి స్పీకర్ ముఖ్యమంత్రి పాత్రధారికీ, వెనుక వరుస సభ్యునికీ ఒకే కాలపరిమితి విధించినప్పుడు ఈ విలువే ఆచరణలోకి వస్తుంది.

ప్రతిపక్ష పాత్రను చిన్నచూపు చూడకపోవడం కూడా అంతే ముఖ్యం. మంచి వక్తలందరినీ మంత్రులుగా నియమించి, మిగిలినవారిని ప్రతిపక్షంలో కూర్చోబెడితే సభ ఏకపక్షమవుతుంది. పోడియం వద్దకు దూసుకురావడం, కాగితాలు చించడం వంటి దృశ్యాలను వినోదం కోసం అనుకరింపజేసే బదులు, వాయిదా తీర్మానం, పాయింట్ ఆఫ్ ఆర్డర్, సభ నుండి నిరసనగా నిష్క్రమణ వంటి నియమబద్ధమైన మార్గాలను పరిచయం చేయాలి.

నిర్వాహకులు గమనించవలసినవి

రాజకీయ పార్టీల పేర్లు, గుర్తులు, జీవించి ఉన్న నాయకుల అనుకరణలు లేకుండా చూడాలి. ముఖ్య పాత్రలను ఉపాధ్యాయులు కేటాయించడానికి బదులు రహస్య బ్యాలెట్ ద్వారా విద్యార్థులే ఎన్నుకునేలా చేయడం శ్రేయస్కరం. బాలికలకు సమాన సంఖ్యలో స్థానాలు కల్పించాలి. స్పీకర్, ప్రతిపక్ష నాయకుల పాత్రలను ఏటా మార్చాలి. సభలో ఆమోదించిన తీర్మానాన్ని కాగితంపై రాసి సంబంధిత శాఖ అధికారికి వినతిపత్రంగా అందజేయాలి. అధికారి వైపు నుండి రాతపూర్వక సమాధానం, అది ప్రతికూలమైనదైనా సరే, విద్యార్థులకు అందినట్లయితే ఆ సభ కేవలం ప్రదర్శనగా మిగిలిపోదు. ప్రశ్నకు జవాబు వస్తుందన్న నమ్మకం పౌరునికి చిన్ననాటనే కలగడం ప్రజాస్వామ్యానికి బలం.

భారత ఎన్నికల సంఘం 2018 జనవరి 25న ప్రారంభించిన ఎన్నికల అక్షరాస్యతా క్లబ్బులు తొమ్మిది నుండి పన్నెండవ తరగతి విద్యార్థులకు ఓటరు నమోదు, పోలింగ్ విధానాలను ఆటపాటల ద్వారా పరిచయం చేసేందుకు ఉద్దేశించినవి. నమూనా సభను ఈ క్లబ్బుల కార్యక్రమాలతో అనుసంధానించవచ్చు. 1988 నాటి 61వ రాజ్యాంగ సవరణ ఓటు హక్కు వయస్సును 21 నుండి 18 సంవత్సరాలకు తగ్గించింది. 2022 నుండి ఓటరు నమోదుకు ఏడాదికి నాలుగు అర్హతా తేదీలు, అనగా జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 అమలులోకి వచ్చాయి. 17 సంవత్సరాలు నిండినవారు ముందుగానే దరఖాస్తు చేసుకునే సౌకర్యమూ కల్పించబడినది. ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఈ సమాచారం ప్రత్యక్షంగా ఉపయోగపడుతుంది.

ఈ సమావేశాలను పరిశీలించే పాత్రికేయులు బహుమతి ప్రదానం, అతిథుల ప్రసంగాలతో పాటు విద్యార్థులు అడిగిన ప్రశ్నలను, వాటికి వచ్చిన జవాబులను, తీర్మానంపై తదుపరి జరిగిన చర్యను కూడా వార్తలలో చేర్చినట్లయితే ప్రజలకు మేలు జరుగుతుంది. రాజ్యాంగ సభ రాజ్యాంగ రూపకల్పనకై 11 సమావేశాలలో 165 రోజులు చర్చించింది. విభేదిస్తూనే కలిసి నిర్ణయం తీసుకోవడానికి ఆనాటి సభ్యులకు అంత సమయం అవసరమైంది. ఒక గంట నమూనా సభలో విద్యార్థులు ఆ అలవాటుకు పునాది వేసుకోగలిగితే, ఆ సభ తన ప్రయోజనాన్ని నెరవేర్చినట్లే.